ఎండాకాలంలో ఊలు



హోళీ దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో, వేపచెట్టు నీడన కూర్చొని ఊలు అల్లుకునే వాళ్ళను మీరెక్కడైనా చూశారా? మా ఊళ్ళో అలాంటి ఇల్లు ఒక్కటే ఉన్నది. అది మాదే. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వుతారు. "ఏంది వదినా, జనమంతా విసనకర్రలు పట్టుకుంటే నువ్వు ఊలు పట్టినవ్?" అని అడుగుతారు. మొదట్లో మేమూ నవ్వి ఊరుకునేవాళ్ళము. ఇప్పుడు మాత్రం కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, సంగతంతా చెప్పి పంపుతున్నాము. ఆ సంగతే ఈ నెల మీతోనూ చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మాది మెదకు ప్రాంతంలో ఒక చిన్న ఊరు. ఊరి ముందర చెరువు, చెరువు వెనక రాళ్ళగుట్ట, గుట్ట దాటితే అడవి. ఇంట్లో ఇప్పుడు మేమిద్దరమే. పిల్లలు మమ్మల్ని అమ్మ, బాపు అంటారు. ఇక్కడా ఆ పేర్లే వాడుకుంటున్నాము. సూదులు పట్టేది అమ్మ. పొద్దున్నే చెరువు కట్ట మీద నడిచి, ఏ పువ్వు పూసిందో చూసి వచ్చి చెప్పేది బాపు. ఒకరు చెప్తుంటే ఒకరు రాసిన మాటలు గనుక అంతటా 'మేము' అనే రాస్తున్నాము.

అమ్మకు ఈ పని చిన్నప్పుడు మిషను బోర్డింగు బడిలో వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం కుట్టుపని గంట. సూదులు కొనే స్తోమత లేని పిల్లలు సైకిలు చక్రపు ఊచలను రాతిమీద నూరి, మొన తీసుకొని అల్లేవాళ్ళు. అల్లికలో ఉన్నవి రెండే కుట్లు. దారాన్ని వెనక ఉంచి లాగితే సూటి కుట్టు, ముందుకు తెచ్చుకొని లాగితే తిరుగు కుట్టు. స్వెట్టరైనా, టోపీ అయినా, మేజోడైనా ఈ రెండింటి కూర్పే.

మా ప్రాంతానికి ఊలు కొత్తదేమీ కాదు. కురుమల ఇళ్ళలో ఆడవాళ్ళు నల్లగొర్రెల ఊలు వడికితే, మగవాళ్ళు గుంటమగ్గం మీద గొంగళ్ళు నేస్తారు. దారం గట్టిపడడానికి చింతగింజల గంజి పట్టిస్తారు. ఎండకు, వానకు, చలికి అదే గొంగడి. గొర్రెలకాపరి నడి ఎండలో కూడా దాన్ని నెత్తిన వేసుకొనే పోతాడు. అతన్ని చూసి ఎవరూ నవ్వరు. ఊలు తనంతట తాను వేడి పుట్టించదు. లోపలి వేడిని బయటికి పోనివ్వదు, బయటి వేడిని లోపలికి రానివ్వదు. ఈ సంగతి గొర్రెలకాపరికి ఎప్పటినుండో తెలుసు. మేమే చాలా ఆలస్యంగా తెలుసుకున్నాము.

2019 మార్చి మొదట్లో మా అమ్మాయి తొలి కాన్పుకు ఇంటికి వచ్చింది. మే నెల మూడో వారంలో కాన్పు అని డాక్టరమ్మ చెప్పారు. అమ్మ పట్నం నుండి మెత్తని ఊలు ఉండలు రెండు తెప్పించి మేజోళ్ళు మొదలుపెట్టింది. మూడు సూదుల మీద కుట్లు సమానంగా పంచుకొని, నాలుగో సూదితో అల్లుతూ గుండ్రంగా తిరగాలి. మేజోట్లో కష్టమంతా మడమ దగ్గరే. అంతదాకా గొట్టంలా దిగిన అల్లిక అక్కడ మలుపు తిరగాలి. సగం కుట్లను పక్కన ఉంచి, మిగతా సగంతో చిన్న పట్టీ అల్లి, దాన్ని కుదించి, పక్కల నుండి మళ్ళీ కుట్లు ఎత్తుకొని పాదానికి దారి చెయ్యాలి. లెక్క తప్పితే మడమ వంకర పోతుంది.

ఒక మేజోడు పూర్తయ్యేసరికి ఇరుగుపొరుగు వాళ్ళ మాటలు మొదలయ్యాయి. "మే నెల్ల పుట్టే పోరికి ఊలు సాక్సులా? ఉక్కపోతకు ఆగుతదా?" అన్నారు. నిజమే కదా అని మాకూ అనిపించింది. చలికాలం చూద్దాంలే అని సూదులు సంచిలో పెట్టేశాము.

సాయంత్రాలు అమ్మాయిని తీసుకొని కట్ట మీద మెల్లగా నడిచేవాళ్ళము. పిల్లలు చిన్నగా ఉన్నప్పటి నుండి మాకొక ఆట ఉంది. కొత్త పువ్వును ముందు చూసి పేరు చెప్పినవాళ్ళదే గెలుపు. ఆ మార్చిలో మోదుగ గుట్ట అడుగంతా నిప్పు పెట్టినట్టు పూసి ఉన్నది. ఆకు ఒక్కటి లేదు. నల్లని మొగ్గలోంచి చిలకముక్కు లాంటి ఎర్రని రేక వంగి వస్తుంది. వాసన ఉండదు గాని తేనె ఉంటుంది. గోరింకలు పొద్దంతా దాని మీదే. మా చిన్నతనంలో హోళీ రంగు ఆ పూలను ఉడకబెట్టి తీసిందే. గుట్ట పైన బండల సందున కొండగోగు, అదీ ఆకు రాల్చుకొని, అరచేయంత పసుపు పువ్వులు విచ్చుకొని ఉన్నది. దూరం నుండి చూసి మా అమ్మాయే ముందు చెప్పింది, "కొండగోగు! గెలిచిన బాపూ" అని. ఆమె గెలవడం అదే చివరిసారి అవుతుందేమోనని తరువాత చాలా రోజులు భయపడ్డాము.

మార్చి 24, ఆదివారం. ఆరాధన గంట కొట్టక ముందే అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి ముప్పై రెండు వారాలే నిండాయి. అంబులెన్సులో పట్టణంలోని ఆసుపత్రికి చేరిన కొద్దిసేపటికే ఆడపిల్ల పుట్టింది. బరువు 1,400 గ్రాములు. 37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. 2,500 గ్రాములకు తగ్గితే తక్కువ బరువు బిడ్డ అంటారు. మా మనుమరాలు రెండూ అయింది.

అద్దం లోంచి చూస్తున్న మా దగ్గరికి సిస్టరమ్మ వచ్చి, మేము అడగకముందే ఒక మాట చెప్పింది. "పెద్దమ్మా, ఇంటికి పోయినంక కూడా స్నానం సంగతి మమ్మల్ని అడగకుండా చెయ్యకండి. నిండు నెలల బిడ్డకైనా మొదటి రోజు స్నానం వద్దు. ఇంత చిన్న బిడ్డ చల్లబడితే మళ్ళీ పట్టుకోవడం కష్టం."

ఆ మాటకు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాము. ఎందుకో చెప్పాలి.

1981 జనవరిలో మాకు తొలి కాన్పు. ఏడో నెల దాటాక, ఇంట్లోనే, తెల్లవారుజామున జరిగింది. మగబిడ్డ. పిల్లికూన కూసినట్టు సన్నని ఏడుపు. అందరి ఇళ్ళలో చేసినట్టే వెంటనే స్నానం చేయించి, పాత చీర ముక్కలో చుట్టి చాటలో పడుకోబెట్టారు. మంత్రసానిది తప్పని మేము ఏనాడూ అనుకోలేదు. ఆమెకు తెలిసిన మంచి పని ఆమె చేసింది. మూడో రోజు పొద్దున పాలు పట్టబోతే నోరు తెరవలేదు. పాదాలు పట్టుకున్నాము. చల్లగా ఉన్నాయి. పొట్టమీద చెయ్యి వేశాము. అదీ చల్లగానే ఉంది. పేరు పెట్టకముందే పోయాడు. వానికోసం అమ్మ మొదలుపెట్టిన మేజోడు అప్పటికి సూదుల మీద సగం దాకా ఉన్నది. దాన్ని విప్పలేదు, పూర్తీ చెయ్యలేదు. ఒక గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టాము.

దేవుడు తీసుకున్నాడని అందరూ అన్నారు. మేమూ అన్నాము. తరువాత ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ముప్పై ఎనిమిదేండ్లు ఒకరితో ఒకరం ఆ బిడ్డ మాట ఎత్తలేదు. చలి తీసుకుపోయి ఉంటుందన్న ఆలోచన మాకు ఆ ఆసుపత్రి వరండాలోనే వచ్చింది. ఆ రాత్రి బెంచీ మీద కూర్చొని మొదటిసారి వాని గురించి మాట్లాడుకున్నాము. ఏడ్చాము కూడా.

మరునాడు సిస్టరమ్మ వివరంగా చెప్పింది. నెలలు నిండని బిడ్డకు చర్మం పలుచన, చర్మం కింద కొవ్వు తక్కువ, బరువుతో పోలిస్తే ఒళ్ళు వెడల్పు ఎక్కువ. అందుకని ఒంట్లో వేడి తొందరగా పోతుంది. బిడ్డ ఒంటి వేడి 36.5 నుండి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. బయట 40 డిగ్రీల ఎండ కాస్తున్నా సరే, ఫ్యాను గాలికి, తడిగుడ్డకు ఆ బిడ్డ చల్లబడగలదు. ఇంట్లో థర్మామీటరు లేకపోతే చెయ్యే థర్మామీటరు. బిడ్డ పొట్టను, పాదాలను చేతివెనక భాగంతో తాకాలి. రెండూ వెచ్చగా ఉంటే క్షేమం. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి పెడుతున్నదని గుర్తు. రెండూ చల్లగా ఉంటే అపాయం, ఆలస్యం చేయకుండా బిడ్డను ఒంటికి హత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ నాలుగు మాటలు ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని ఇక్కడ రాస్తున్నాము.

"తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు తెచ్చారా?" అని ఆమె అడిగింది. బర్రెకు మేత వెయ్యడానికి ఇంటికి పోయిన బాపు సంచిలోని మేజోడు, సూదులు, ఊలు తెచ్చాడు. ఆ మేజోడు బిడ్డ కాలికి తొడిగితే మోకాలు దాటి జారిపోయింది. అది నిండు నెలల బిడ్డకు చేసిన కొలత. సిస్టరమ్మ దారంతో పాదం కొలిచి ఇచ్చింది. ఆరు సెంటీమీటర్లు, మన చూపుడువేలంత కూడా లేదు.

ఆ సాయంత్రం వరండాలో కూర్చొని అమ్మ ఆ మేజోడును కొస నుండి విప్పింది. అంత కష్టపడి తిప్పిన మడమ క్షణంలో పోయింది. విప్పిన దారం వంకీలు వంకీలుగా ఉంటుంది. బాపు దాన్ని మోచేతికి చుట్టి, తడిపి, కిటికీ ఊచకు ఆరవేశాడు. తెల్లవారేసరికి చిన్న జత తయారయింది. ఈసారి మడమే లేదు, ఉత్త గొట్టం. మడమ లేని గొట్టమైతే కాలు ఎటు తిరిగినా సరిపోతుంది, ఊరికే ఊడిపోదు. తరువాత రెండు రోజుల్లో ఇంకో నాలుగు జతలు అయ్యాయి. తడిస్తే వెంటనే మార్చాలి గనుక అన్ని కావలసి వచ్చాయి.

మూడో రోజు నుండి బిడ్డను తల్లి గుండెలకు కట్టారు. నాపీ, టోపీ, మేజోళ్ళు తప్ప బిడ్డకు వేరే బట్ట లేకుండా, కప్పపిల్లలా కాళ్ళుచేతులు మడిచి, తల్లి చర్మానికి బిడ్డ చర్మం తగిలేలా నిలువుగా హత్తుకొని, పైన గుడ్డ చుడతారు. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో, పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక, 1978లో ఇద్దరు డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నెలలు నిండని బిడ్డలకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టాలని, రోజుకు 8 నుండి 24 గంటల వరకు చేయాలని చెప్పింది. తల్లి అలసిపోతే ఇంట్లో వాళ్ళు ఎవరైనా చెయ్యవచ్చు. అల్లుడు చేశాడు, అమ్మ చేసింది. ఒకరోజు బాపు కూడా చొక్కా విప్పి, చేతులు శుభ్రంగా కడుక్కొని రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. బిడ్డ పాదాలు మేజోళ్ళలోంచి తన పక్కటెముకలను తన్నుతుంటే లెక్కపెట్టుకున్నాడట.

అమ్మాయికి వార్డు దాటి వచ్చే వీలు లేదు. లోపలికి పువ్వులు తీసుకుపోనివ్వరు. అందుకని బాపు పొద్దున చూసిన పువ్వు పేరును సాయంత్రం చెప్పేవాడు. అద్దం తలుపు దగ్గరికి రాగానే అమ్మాయి అడిగేది, "ఇయ్యాల ఏం పువ్వు, బాపూ?"

ఒకరోజు గడ్డిచామంతి. ఆసుపత్రి ప్రహరీ పగుళ్ళలోనే పూసింది. పొడుగాటి కాడకు ఒక్కటే పువ్వు. పొలంలో కొడవలి తెగితే మనం ఆకు పసరు పిండుకునేది దానిదే. ఒకరోజు నేలవాకుడు. ఒళ్ళంతా ముళ్ళు, ఆకుల మీద కూడా ముళ్ళు, మధ్యలో ఊదారంగు నక్షత్రం లాంటి పువ్వు. ఒకరోజు బలురక్కసి, కొందరు బ్రహ్మదండి అంటారు. పట్టులాంటి పసుపు పువ్వు. కాని దాని గింజ ఆవగింజలా ఉండి, ఆవనూనెలో కలిస్తే ఒళ్ళు వాచే జబ్బు తెస్తుంది. 1998లో ఢిల్లీలో అలాగే చాలామంది చనిపోయారు. "అందమైనదల్లా మంచిది కాదు బిడ్డా" అంటే, "మా అత్తగారింటి పక్కన బోలెడంత ఉంది, చెప్తా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాలుగు రోజులైంది అప్పటికి.

ఆరో రోజు బిడ్డ ఊపిరి తీసుకోవడం మరిచింది. నెలలు నిండని పిల్లల్లో అలా జరుగుతుందట. యంత్రం మోగింది. సిస్టరమ్మ మేజోడు లాగేసి, పాదం అడుగున వేలితో తట్టింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి బిడ్డ ఉలిక్కిపడి ఊపిరి తీసింది. ఆ రోజు రాత్రి దాకా మరో రెండుసార్లు అలాగే అయింది. మందు మొదలుపెట్టారు. అమ్మ చేతిలోని అల్లికలో కుట్లు జారిపోతుంటే ఎత్తుకోవడం మానేసింది.

మరునాడు సాయంత్రం అమ్మాయి ఎప్పటిలాగే అడిగింది, "ఇయ్యాల ఏం పువ్వు?"

బాపు అబద్ధమాడలేకపోయాడు. "చూడలేదు బిడ్డా. కట్ట మీద నడిచిన గాని ఏదీ కండ్లకు ఆనలేదు" అన్నాడు.

"చూడు బాపూ. నాకు కనబడేది ఈ గోడే. నువ్వు చూస్తెనే నేను చూసినట్టు" అన్నది.

మరునాడు బాపు చీకటితోనే పోయి, చెరువు అంచున తడినేల మీద గొంతుక్కూర్చున్నాడు. చెట్లవైపు చూడలేదు, మోకాళ్ళ దగ్గరే చూశాడు. బొక్కెనాకు తీగ నేలను అంటుకొని పాకుతున్నది. కాడ చివర అగ్గిపుల్ల తల కంటే కాస్త పెద్ద గుత్తి. నడుమ ఊదా, చుట్టూ వడ్డాణం కట్టినట్టు తెల్లని చిన్నచిన్న పువ్వులు. ఇన్నేండ్లు ఆ కట్టమీద తిరిగి, దాన్ని తొక్కుతూనే నడిచాము. ఆ సాయంత్రం బాపు దాన్ని వివరంగా చెప్పాడు. ఎన్ని రేకులు, ఏ రంగు, ఎంత ఎత్తు, దాని మీద ఎలాంటి సీతాకోకచిలుక వాలింది, అన్నీ చెప్పాడు. అమ్మాయి కళ్ళు మూసుకొని విన్నది. తన గుండెల మీద ఉన్న బిడ్డ వీపుపై వేలితో ఆ కొలత వేసుకున్నది. ఆ రోజు యంత్రం ఒక్కసారే మోగింది. తరువాతి వారంలో మోగడం మానేసింది.

కొండమీది ప్రసంగంలో ప్రభువు పొలంలోని పువ్వులను చూడమని చెప్పినప్పుడు, ఎవరూ నాటనివి, ఎవరూ నీళ్ళు పొయ్యనివి, రేపటికి వాడిపోయేవి ఎంచుకున్నాడు. ఆ మాట చదివినప్పుడల్లా మేము పెద్ద పువ్వులనే ఊహించుకునేవాళ్ళము. ఇప్పుడు బొక్కెనాకు గుర్తుకు వస్తున్నది. చిన్నదాన్ని చూడాలంటే మనం కిందికి వంగాలి. అల్లికా అంతే. ఒక్కొక్క కుట్టును చూసుకుంటూ పోతేనే మేజోడు. ఒక్క కుట్టు జారినా అది గీతలా కింది దాకా దిగుతుంది.

ఉగాది ఏప్రిల్ 6న వచ్చింది. వేప పూతకు వచ్చింది. పక్కింటి వాళ్ళు మా కోసం పచ్చడి గ్లాసు ఆసుపత్రి దాకా పంపించారు. కానుగ పూలు పేలాలు చల్లినట్టు ఆసుపత్రి దారంతా రాలాయి. బిడ్డ పుట్టినప్పటి బరువుకు మళ్ళీ చేరుకొని, మెల్లగా పెరగడం మొదలుపెట్టింది. రోజుకు 20 గ్రాములు, ఒకరోజు 30. బరువు చూసే వేళకు మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్ళము. ఏప్రిల్ 20, ఈస్టరుకు ముందు శనివారం, 1,800 గ్రాముల బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాము. బస్టాండు దాటాక ఒక రేలచెట్టు నిండా పసుపు గొలుసులు వేలాడుతున్నాయి. అమ్మాయి ఆటో ఆపించి, "రేల! గెలిచిన!" అన్నది. బాపు దాన్ని అప్పటికే చూసినా చూడనట్టు ఊరుకున్నాడు.

తరువాత ఒకసారి మా అబ్బాయి ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. లండనులోని బ్రిటిషు మ్యూజియంలో ఉన్న ఒక చిన్నపిల్లల మేజోడు. దాదాపు 1,700 ఏండ్ల నాటిది, ఈజిప్టులో దొరికింది. రంగురంగుల చారల ఊలు మేజోడు. 2018లో దాన్ని పరీక్ష చేసినవాళ్ళు ఆ రంగులన్నీ మూడే మొక్కల నుండి తీసినవని తేల్చారు. ఎరుపుకు మన మంజిష్ఠ జాతి మొక్క వేరు, నీలికి ఒకటి, పసుపుకు ఒకటి. ఈజిప్టు మనకంటే ఎండ దేశమే. అక్కడా ఎవరో ఒకరు తమ బిడ్డ కాళ్ళు చల్లబడకూడదని ఊలు చేతపట్టారు. వాళ్ళను చూసి కూడా పక్కింటివాళ్ళు నవ్వి ఉంటారని అమ్మ అన్నది.

ఆ ఏడు నుండి మా సంఘంలోని స్త్రీల సమాజం వారు ప్రతి ఎండాకాలం చిన్న మేజోళ్ళు అల్లి ఆసుపత్రికి ఇస్తున్నారు. 2020, 2021లో మాత్రం పోలేకపోయాము. యొప్పే ఊరిలో బట్టలు కుట్టి పంచిన దొర్కా గురించి ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పేవాళ్ళము గాని, ఆమె చేతిపని ఎంత పనో ఇప్పుడు తెలుస్తున్నది. మీలో సూదులు పట్టగలవారు ఎవరైనా ఉంటే కొలత ఇదిగో.

మెత్తని సన్నని పిల్లల ఊలు, రెండు వైపులా మొనలున్న 12 నంబరు సూదులు నాలుగు తీసుకోండి. 24 కుట్లు వేసి, సూదికి 8 చొప్పున మూడింటికి పంచండి. రెండు సూటి, రెండు తిరుగు కుట్లు చొప్పున గుండ్రంగా అల్లుతూ మూడున్నర అంగుళాల గొట్టం చెయ్యండి. అప్పుడు రెండేసి కుట్లను కలిపి అల్లితే 12 మిగులుతాయి, మరో చుట్టు అలాగే చేస్తే 6. దారం తెంపి, ఆ ఆరింటిలోంచి దూర్చి బిగించి, లోపలివైపు గట్టిగా కుట్టెయ్యండి. లోపల వదులు దారం ఉండకూడదు. చిన్న వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. రిబ్బన్లు, పూసలు వద్దు. బిగుతుగా ఉండొద్దు. గొంగడి ఊలు గరుకు, పసి చర్మానికి పనికిరాదు. ఇచ్చేముందు ఉతికి ఎండలో ఆరబెట్టండి. ఏ ఆసుపత్రికి ఇస్తారో అక్కడి సిస్టరును ముందుగా అడగండి.

మా మనుమరాలు ఇప్పుడు బడికి పోతున్నది. పోయిన ఎండాకాలం సెలవులకు వచ్చి, ట్రంకుపెట్టె సర్దుతున్న అమ్మ పక్కన చేరి, గుడ్డలో చుట్టిన సగం మేజోడును బయటికి తీసింది. పాతబడిన సూదులు ఇంకా దానికే ఉన్నాయి.

"ఇది ఎవరిది అమ్మమ్మా?"

"మీ పెద్దమామది."

"ఆయన ఏడీ?"

"చిన్నప్పుడే పోయిండు బిడ్డా. పుట్టిన మూడో రోజు."

అది కాసేపు ఆ మేజోడును చేతిలో పెట్టుకొని చూసింది. "చలేసిందా?" అని అడిగింది.

"అవును బిడ్డా, చలేసింది" అన్నాము ఇద్దరమూ.

అది ఇంకేమీ అడగలేదు. దాన్ని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి, ఎక్కడిది అక్కడే పెట్టింది. తరువాత బాపు చెయ్యి పట్టుకొని చెరువు కట్టకు పోయింది. ఇంటికి వచ్చాక మూడు కొత్త పువ్వుల పేర్లు చెప్పింది. మూడింటినీ తానే ముందు చూసిందట. బాపుకు ఈ మధ్య చూపు మందగించింది గాని, అంతగా కాదు.

ఈ ఎండాకాలం వేపచెట్టు కింద ఎవరైనా ఊలు పట్టుకొని కనబడితే, నవ్వే ముందు ఒక్క క్షణం ఆగండి. కూర్చోమంటే కూర్చోండి. రెండే కుట్లు, నేర్చుకోవడం ఏమంత కష్టం కాదు.